దూరాన ఉన్న స్నేహితుల పేరున, వాళ్ళ పిల్లల పేరున పూలమొక్కలు: ఏవి పెట్టాలి, ఎలా నిలబెట్టుకోవాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండీ. వరంగల్ హాస్టల్లో కలిసి చదువుకున్న ముగ్గురు స్నేహితులు ఇప్పుడు డల్లాస్, మెల్‌బోర్న్, దుబాయ్‌లలో ఉన్నారు. వాళ్ళ పేరున ఒక్కొక్కటి, వాళ్ళ పిల్లల పేరున ఒక్కొక్కటి పూలమొక్క పెట్టాలని మీ కోరిక. హైదరాబాద్‌లో మీ ఇంటి మేడ, గేటు పక్కన కాస్త నేల ఉన్నాయి. ఏ మొక్కలైతే బాగుంటాయి, పుట్టిన నెలను బట్టి ఎంచుకోవచ్చా, మొక్క ఎండిపోతే అపశకునమా అని అడిగారు. విత్తనాలు వాళ్ళకి పంపొచ్చా అని చివర్లో ఇంకో ముక్క ఉంది.

మాది కడియపులంక. నాన్నగారి రోజుల నుంచీ నర్సరీయే మా బతుకు. ఫలానా వాళ్ళ పేరు మీద పెట్టాలండీ, మంచి మొక్క ఇవ్వండి అని అడిగేవాళ్ళు వస్తూనే ఉంటారు. నేనూ నా స్నేహితుల కోసం ఇంటి వెనక కొన్ని పెంచుతున్నాను.

సూటిగా చెప్పాలంటే: స్నేహితుల పేరున ఏళ్ళ తరబడి ఉండేది, కొమ్మతోనో అంటుతోనో మళ్ళీ మొక్క చేసుకోగలిగేది పెట్టండి. మల్లె, పారిజాతం, రాధామనోహరం, నందివర్ధనం, డిసెంబరాలు, బ్రహ్మకమలం ఈ లెక్కలోకి వస్తాయి. పిల్లల పేరున తొందరగా పూసేవి, ఫోన్‌లో చూసినా ఏదో తమాషా కనిపించేవి పెట్టండి. చంద్రకాంత, శంఖుపూలు, గునుగు, చామంతి లాంటివి. రంగు, పేరు కలవడం అవన్నీ తర్వాత. ముందు ఆ పువ్వు ఏ గంటకి విచ్చుకుంటుంది, ఏ నెలలో పూస్తుంది అన్నది చూసుకోండి. ప్రతి మొక్కకీ ఒక జత తయారుచేసి వేరే చోట ఉంచండి.

గంట సంగతి ఎందుకంటున్నానో చెప్తాను. మీ స్నేహితులు ఈ మొక్కని ఏడాదిలో తొంభై తొమ్మిది పాళ్ళు వీడియో కాల్‌లోనే చూస్తారు. మీ దగ్గర పువ్వు విచ్చుకునే వేళకి అక్కడ అర్ధరాత్రి అయితే వాళ్ళకి మిగిలేది వాట్సాప్ ఫొటో ఒక్కటే. అదే వాళ్ళు మెలకువగా ఉండే వేళకి విచ్చే పువ్వు అయితే, విచ్చుతుండగా చూస్తారు. నా అనుభవంలో ఈ ఒక్క తేడాతోనే కొందరి మొక్కలు పదేళ్ళైనా మాటల్లో ఉంటున్నాయి, కొందరివి మొదటి వేసవికే మరుగున పడిపోతున్నాయి.

డల్లాస్ సంగతి చూద్దాం. మల్లెమొగ్గ మనకి సాయంత్రం ఏడు ప్రాంతంలో విచ్చుతుంది. మల్లెలు పూసే మార్చి, ఏప్రిల్, మే నెలల్లో అప్పుడు డల్లాస్‌లో ఉదయం ఎనిమిదిన్నర. కాఫీ తాగుతూ చూడొచ్చు. బ్రహ్మకమలం ఇంకా బాగా కుదురుతుంది. వానాకాలంలో రాత్రి పది, పదకొండు మధ్య పూర్తిగా విప్పారుతుంది. మనకి ఆదివారం రాత్రి పది అంటే వాళ్ళకి ఆదివారం పగలు పదకొండున్నర, పిల్లలు ఇంట్లోనే ఉంటారు. మొగ్గ మెడ వంచి పైకి లేచి ఉబ్బిందంటే ఆ రాత్రికో మర్నాటికో పూస్తుందని గుర్తు. పొద్దున్నే మెసేజ్ పెట్టేయండి. (మనం ఇళ్ళలో పెంచేది ఒక రకం జెముడు మొక్క. హిమాలయాల్లో పూసే అసలు బ్రహ్మకమలం వేరు, అది మన ఎండలకి బతకదు. పేరు మాత్రం దీనికే స్థిరపడింది, వదిలేయండి.)

మెల్‌బోర్న్ వాళ్ళకి బ్రహ్మకమలం దండగ. మనకి రాత్రి పది అంటే వాళ్ళకి తెల్లవారుజామున రెండున్నర. వాళ్ళకి పారిజాతం పెట్టండి. అది రాత్రి విచ్చి, తెల్లారేసరికి రాలుతుంది. మనకి ఐదున్నర, ఆరు గంటలంటే అక్కడ పది, పదకొండు. చెట్టు కింద తడిపిన నేల మీద తెల్లటి రేకులు, నారింజ రంగు కాడలు పరుచుకుని ఉంటాయి, ఇంకా ఒక్కొక్కటీ రాలుతూ ఉంటాయి. ఆ వేళకి కాల్ చేస్తే వాళ్ళ అమ్మాయి లెక్కపెట్టుకుంటూ కూర్చుంటుంది. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా ఇది నడుస్తుంది.

దుబాయ్ మనకంటే గంటన్నరే వెనక. అక్కడివాళ్ళకి ఏదైనా కుదురుతుంది. కానీ బడి నుంచి వచ్చిన పిల్లలకి చంద్రకాంత సరదా. మనకి ఐదు గంటలకి అది విచ్చుకుంటుంటే వాళ్ళకి మూడున్నర. ఒకే మొక్కకి పసుపు, గులాబీ, రెండూ కలిసిన చారల పూలు కూడా పూస్తాయి. గింజలు నల్లగా మిరియాల్లా ఉంటాయి, నోట్లో పెట్టుకోకూడదు. మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే గింజ ముదరగానే కోసేయండి.

ఇక రాకపోకల సంగతి. అమెరికా పిల్లలు ఎక్కువగా జూన్, జూలైల్లో వస్తారు. అప్పటికి మల్లెలు అయిపోతాయి! చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. స్నేహితురాలి పేరున మల్లె పెట్టి ఏడాదంతా మురిపిస్తారు, తీరా ఆవిడ వచ్చేసరికి ఒట్టి ఆకులు. డల్లాస్ వాళ్ళకి మల్లెతో పాటు సన్నజాజి గానీ రాధామనోహరం గానీ తోడు పెట్టండి. సన్నజాజి వానాకాలం అంతా పూస్తుంది. రాధామనోహరం పువ్వు సాయంత్రం తెల్లగా విచ్చి, మర్నాటికి గులాబీ రంగుకి తిరిగి, ఆ మర్నాటికి ఎర్రగా అవుతుంది. ఒకే గుత్తిలో మూడు రంగులూ కనిపిస్తాయి. పిల్లలకి ఇంతకంటే మంచి తమాషా లేదు. మెల్‌బోర్న్ పిల్లలకి పెద్ద సెలవులు డిసెంబరు, జనవరి. అప్పుడు డిసెంబరాలు, చామంతి, బంతి, కాగడాలు అన్నీ మన చేతిలో ఉంటాయి, అదృష్టవంతులు.

పుట్టిన నెలను బట్టి పెట్టొచ్చా అంటే, పెట్టొచ్చు గానీ ఇంటర్నెట్‌లో తిరిగే పట్టికని నమ్ముకోకండి. అది చలిదేశాల పట్టిక. జనవరికి కార్నేషన్, మార్చికి డాఫోడిల్, మేకి లిల్లీ ఆఫ్ ద వ్యాలీ అని రాసి ఉంటుంది. హైదరాబాద్ మే ఎండలో ఆ చివరిది నిలబడుతుందా చెప్పండి. అందులో మనకి పనికొచ్చేవి అక్టోబరు బంతి, నవంబరు చామంతి. మిగతాది మన కాలాన్ని బట్టి మనమే చేసుకోవాలి. నేను చెప్పేది ఇలా ఉంటుంది. జనవరిలో పుట్టిన బిడ్డకి కాగడా మల్లె. మార్చి, ఏప్రిల్ అయితే మల్లె. మే నెలాఖరు, జూన్ మొదట్లో అయితే మేఫ్లవర్, అదే ఎర్రటి బంతిలా పూసే దుంప మొక్క. ఏడాదికి ఒక్కసారే, సరిగ్గా తొలకరి ముందూ వెనకా పూస్తుంది కాబట్టి పుట్టినరోజుకి కుదిరితే మహా ముచ్చట. జూలై, ఆగస్టులకి రెయిన్ లిల్లీ, సన్నజాజి. బతుకమ్మ రోజులకి గునుగు, తంగేడు. అక్టోబరుకి పారిజాతం, డిసెంబరుకి డిసెంబరాలు. ఫిబ్రవరి మాత్రం కాస్త ఇబ్బంది. ఏడాది పొడుగునా పూసే నందివర్ధనమో, ముద్దమందారమో, నూరువరహాలో పెట్టేయమంటాను.

మేఫ్లవర్ గురించి ఒక జాగ్రత్త. చలికాలంలో ఆకు మొత్తం మాయమై కుండీ ఖాళీగా కనిపిస్తుంది. పనిమనిషి మట్టి పారబోసేస్తుంది. కుండీ మీద "దుంప ఉంది, కదపవద్దు" అని రాసిపెట్టండి.

జన్మనక్షత్రాన్ని బట్టి చెట్టు పెట్టే ఆచారం మీకు తెలిసే ఉంటుంది. రోహిణికి నేరేడు, పుష్యమికి రావి, మఘకి మర్రి. ఎవరైనా పెద్దవాళ్ళు ఆ సలహా ఇస్తే నమస్కారం పెట్టి ఊరుకోండి. రావి, మర్రి మేడ మీదికి ఎక్కించే చెట్లు కావు, ఇంటి గోడ పక్కనా పెట్టకూడదు. ఊళ్ళో పొలం ఉంటే వేరే మాట. రాజస్థాన్‌లో పిప్లాంత్రి అనే ఊళ్ళో ఆడపిల్ల పుడితే 111 చెట్లు నాటుతున్నారు, దానికి ఊరంతటి నేల కావాలి.

మొక్క ఎండిపోతే అపశకునమా? కాదండీ. ప్రతి మొక్కకీ ఆయుష్షు ఉంటుంది. బంతి మూడు నాలుగు నెలల్లో అయిపోతుంది. కనకాంబరం రెండు మూడేళ్ళు బాగా పూసి డీలా పడుతుంది. గునుగు ఒక్క కాలం. ఈ లెక్క తెలియకుండా పసిబిడ్డ పేరున బంతి పెట్టి, సంక్రాంతి వెళ్ళాక అది ఎండిపోతే టెన్షన్ పడటం అనవసరం.

ఇంకొన్ని మొక్కలు చావకుండానే చచ్చినట్టు కనిపిస్తాయి. రాజమండ్రి నుంచి ఒకాయన స్నేహితుడి కొడుకు పుట్టాడని మా దగ్గర పారిజాతం తీసుకెళ్ళారు. మార్చి వచ్చేసరికి పొద్దున్నే ఫోన్: "ఆకులన్నీ రాలిపోయాయి, ఏదో కీడు జరిగేలా ఉంది, పీకేయమంటారా?" పీకొద్దు, గోటితో బెరడు కాస్త గీకి చూడమన్నాను. లోపల పచ్చగా ఉంది. పారిజాతం వేసవికి ముందు ఆకు రాల్చడం మామూలే, వానలకి మళ్ళీ కమ్ముకుంటుంది. ఆయన మాత్రం జూన్ దాకా స్నేహితుడికి ఆ కుండీ చూపించలేదట.

అందుకే అందరికీ ఒక మాట చెప్తాను. పసిపిల్లల ఆరోగ్యాన్నీ మొక్క ఆరోగ్యాన్నీ ఒకే మాటలో కలపకండి. "మీ వాడు ఎలా పెరుగుతున్నాడో ఇదీ అలాగే" లాంటి మాటలు మీరు సరదాగా అంటారు, అవతల నాయనమ్మో అమ్మమ్మో వింటే ఊరుకోరు. "మీ పాప పేరున పెట్టాను, ఈ ఏడు ఇలా పూసింది" అంటే చాలు.

ఇప్పుడు జత మొక్క గురించి. నా దృష్టిలో ఇదే అసలు పని. స్నేహితుడి పేరున పెట్టిన మల్లె తెగులు వచ్చి పోయినా, దాని కొమ్మ నుంచి చేసిన మొక్క ఇంకో చోట ఉంటే అది అదే మల్లె. కొత్తగా కొన్నది కాదు. మల్లెకి అంటు తొక్కడం చాలా తేలిక. జూన్, జూలైల్లో వానలు పడ్డాక, కుండీ అంచు దాకా వంగే కింది కొమ్మ ఒకటి చూసుకోండి. పెన్సిల్ అంత లావుండాలి, మరీ లేతగా ఉండకూడదు. కణుపు కింద భాగంలో బ్లేడుతో అంగుళం పొడుగున ఏటవాలుగా సగం లోతుకి కోసి, ఆ చీలిక మూసుకోకుండా చిన్న అగ్గిపుల్ల ముక్క పెట్టండి. పక్కన ఇంకో చిన్న కుండీలో ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపి నింపి, కోసిన చోటు రెండంగుళాల లోతున పడేట్టు కొమ్మని అందులో పూడ్చి, పైన ఒక రాయి పెట్టండి. కొస మాత్రం బయటే ఉండాలి. తడి ఆరనివ్వకండి. రెండు మూడు నెలలకి కొమ్మని మెల్లగా లాగితే పట్టుకున్నట్టు అనిపిస్తుంది, వేరు పోసిందన్నమాట. అప్పుడు తల్లి వైపు కత్తిరించండి. కత్తిరించాక వారం పదిరోజులు నీడలో ఉంచండి.

నందివర్ధనం, మందారం, డిసెంబరాలకి ఇంత హడావుడి లేదు. వానాకాలంలో జానెడు కొమ్మ గుచ్చితే వస్తాయి. బ్రహ్మకమలం అయితే ఆకు ముక్క చాలు. రాధామనోహరం తనంతట తానే పక్కన పిలకలు వేస్తుంది, ఎక్కువై తిట్టుకుంటారు కూడా. పారిజాతం గింజతో వస్తుంది గానీ, అదే చెట్టు కావాలంటే కొమ్మ గుచ్చి ఓపిక పట్టాలి, సగం పోతాయి. జత మొక్కని మీ ఇంట్లోనే ఉంచకుండా, అదే స్నేహితుడి అమ్మానాన్నలు ఊళ్ళో ఉంటే వాళ్ళకివ్వండి. అక్కడ నీళ్ళు పోసేవాళ్ళు దొరుకుతారు, మీకూ వాళ్ళింటికి వెళ్ళడానికి ఒక వంక దొరుకుతుంది.

చామంతి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పిల్లల పేరున నేను ఎక్కువగా ఇచ్చేది అదే. పూలు అయిపోయాక జనవరి, ఫిబ్రవరిలో మొక్కని నేలకి బెత్తెడు ఎత్తున కత్తిరిస్తే మొదలు దగ్గర పిలకలు వస్తాయి. వేసవంతా నీడలో, తక్కువ నీళ్ళతో వాటిని కాపాడుకోవాలి. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే దాటించడమే కష్టం. షేడ్‌నెట్ కిందో, పెద్ద మొక్కల నీడలోనో పెట్టండి. జూన్, జూలైలో పిలకలు విడదీసి నాటి, జానెడు ఎదిగాక కొసలు గిల్లితే నవంబరుకి గుబురుగా పూస్తుంది. ఒక బిడ్డ పేరున పెట్టిన మొక్క రెండో ఏటికి నాలుగైదు కుండీలవుతుంది. తమ్ముడో చెల్లెలో పుడితే ఒక కుండీ వాళ్ళ పేరు చేసేయొచ్చు. ఒక్క షరతు: రాత్రిపూట వెలుతురు పడకూడదు. చామంతి పొద్దు తగ్గి రాత్రి పెరిగితేనే మొగ్గ తొడుగుతుంది. వీధి దీపమో, మేడ మీద ఎల్‌ఈడీ బల్బో రాత్రంతా దాని మీద పడితే మొక్క పచ్చగా ఏపుగా పెరుగుతుంది తప్ప పూయదు. ఎరువు సరిపోలేదని జనం మా మీద పడతారు. సెప్టెంబరు నుంచి కుండీని చీకటి వైపుకి జరిపితే సరి.

మల్లెకీ ఒక లెక్కుంది. నవంబరు చివర్లో నీళ్ళు బాగా తగ్గించి, డిసెంబరులో ఆకు దూసి, మోకాలెత్తుకి కత్తిరించి, మట్టి గుల్లచేసి ఎరువు, గుప్పెడు వేపపిండి వేసి మళ్ళీ నీళ్ళు పెడితే ఫిబ్రవరి చివర నుంచి మొగ్గలు. కత్తిరించడానికి చేతులు రావు చాలామందికి, అందులోనూ ఒకరి పేరున పెట్టిన మొక్క అయితే. కత్తిరించకపోతే తీగ సాగుతుంది, పువ్వు తగ్గుతుంది.

పిల్లల మొక్కల్లో ఇంకో రెండు చెప్తాను. శంఖుపూలు గింజ వేసిన రెండు నెలల లోపే పూస్తాయి. నీలం రకం పూలు నాలుగు వేడి నీళ్ళలో వేస్తే నీళ్ళు నీలంగా అవుతాయి, నిమ్మరసం నాలుగు చుక్కలు పిండితే ఊదా రంగుకి, ఇంకాస్త పిండితే గులాబీ వైపుకి తిరుగుతాయి. ఫోన్ అవతల ఉన్న ఆరేళ్ళ పిల్లాడు "ఆంటీ, మళ్ళీ చెయ్యండి" అంటాడు. కనకాంబరం ఎండిన కాయలు తడి తగిలితే టప్పున పగిలి గింజలు చిమ్ముతాయి, అదీ వాళ్ళకి ఆటే. కనకాంబరానికి మిట్టమధ్యాహ్నం ఎండ పడదు, పొద్దున్న ఎండ చాలు.

మీ స్నేహం వరంగల్‌దంటున్నారు కాబట్టి బతుకమ్మ పూలు వదలకండి. గునుగు గింజలు జూన్ చివర, జూలై మొదట్లో కుండీలో చల్లితే పండగకి వెండిరంగు కంకులు రెడీ. తర్వాత దాని గింజ అదే రాలి, మరుసటి ఏడాది వానలకి అదే మొలుస్తుంది. తంగేడు కుండీలో సుఖపడదు. గేటు పక్క నేలలోనే, ఉన్నచోటే గింజ వేయండి. గింజ పెంకు గట్టిది, వేడినీళ్ళు పోసి రాత్రంతా నాననిచ్చి వేయాలి. తల్లివేరు లోతుకి దిగుతుంది కాబట్టి మొలిచాక పీకి వేరేచోట నాటితే అలుగుతుంది. ఆ నేలలో తంగేడా, పారిజాతమా అంటే నేను పారిజాతానికే ఓటేస్తాను. రెండింటికీ చోటుంటే మంచిదే.

పిల్లల పేరున పెట్టకూడనివి: గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త, అగ్నిశిఖ. పూలు ఎంత అందంగా ఉన్నా ఇవి ప్రాణం తీసే విషం. ఎడారి గులాబీ అని అమ్ముతున్న అడీనియం పాలు కూడా విషమే. సెలవులకి వచ్చిన పిల్లాడు నా మొక్క ఏదని పరిగెత్తుకొచ్చి ముట్టుకుంటాడు, ఆకు తుంపుతాడు, చెయ్యి నోట్లో పెడతాడు. బిళ్ళగన్నేరు కూడా నోట్లోకి వెళ్ళేది కాదు. మేఫ్లవర్, రెయిన్ లిల్లీ దుంపలూ అంతే. అవి మట్టిలో ఉంటాయి కాబట్టి పెట్టొచ్చు గానీ, పసివాళ్ళ చేత నాటించకండి.

ఇంకో రకం సందర్భం ఉంది, మీరు అడగలేదు గానీ ఇక్కడ చదివేవాళ్ళకి అవసరం రావచ్చు. ఒకావిడ వచ్చి, దూరదేశంలో ఉన్న స్నేహితురాలికి బిడ్డ పురిట్లోనే పోయింది, ఆ బిడ్డ పేరున ఒక తెల్లపువ్వు మొక్క కావాలన్నారు. నేను నందివర్ధనం ఇచ్చాను. ఫలానా నెలలోనే పూసే మొక్క పెడితే ఏటా ఆ నెలకి ఆ తల్లికి అదే గుర్తుచేసినట్టు అవుతుంది. నందివర్ధనం ఎప్పుడూ నాలుగు పూలతో ఉంటుంది, ఒక తేదీకి కట్టుబడి ఉండదు. పేరు చీటీ పెట్టొద్దన్నాను, వాళ్ళంతట వాళ్ళు అడిగేదాకా ఫొటో పంపొద్దన్నాను. ఈ విషయంలో మీ ముచ్చట కంటే వాళ్ళ మనసే ముందు.

విత్తనాలు, కొమ్మలు పంపొచ్చా? సూట్‌కేసులో పెట్టి పంపకండి. అమెరికాలో నాటే మొక్కలకీ విత్తనాలకీ ముందస్తు కాగితాలు, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. ఆస్ట్రేలియా వాళ్ళు ఇంకా కఠినం, ఎయిర్‌పోర్టులో చెప్పకుండా దొరికితే అక్కడికక్కడే జరిమానా. ఎండు పూలైనా సరే, డిక్లేర్ చేయాల్సిందే. మన చాదస్తానికి వాళ్ళు ఇబ్బంది పడటం ఎందుకు? దానికి బదులు, మీరిక్కడ పెట్టిన మొక్కకి జోడీని వాళ్ళనే అక్కడ కొనుక్కోమనండి. మన మల్లెని అమెరికా నర్సరీల్లో "అరేబియన్ జాస్మిన్" అనో, "సంబాక్" అనో అమ్ముతారు. అందులో "మెయిడ్ ఆఫ్ ఓర్లీన్స్" తక్కువ రేకులది, "గ్రాండ్ డ్యూక్ ఆఫ్ టస్కనీ" ముద్దగా బొడ్డుమల్లెలా ఉండేది. డల్లాస్‌లో మంచు పడుతుంది కాబట్టి కుండీలో పెట్టి చలికాలం ఇంట్లోకి తెచ్చుకోవాలి. "స్టార్ జాస్మిన్", "కాన్ఫెడరేట్ జాస్మిన్" అని ఉంటే అది మల్లె జాతే కాదు. "కరొలైనా జెస్సమిన్" అని పసుపుపచ్చగా ఉండేది అసలు కొనొద్దనండి, మొక్క మొత్తం విషం. పిల్లలున్న ఇల్లు కాబట్టి ఇది తప్పకుండా చెప్పండి.

దూరాన ఉన్నవాళ్ళని మొక్కలో తలచుకోవడం కొత్తేమీ కాదు లెండి. గార్డీనియా అని మనం కొనే తెల్లపువ్వు మొక్క పేరు అమెరికాలోని చార్ల్‌స్టన్‌లో ఉన్న గార్డెన్ అనే డాక్టరుది. ఇంగ్లండులో ఉన్న ఆయన మిత్రుడు ఎల్లిస్ పట్టుబట్టి, మొక్కలకి శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ అనే శాస్త్రవేత్త చేత ఆ పేరు పెట్టించాడు. మన కరివేపాకు శాస్త్రీయ నామంలో ఉన్న "కోనిగీ" లిన్నేయస్ శిష్యుడు కోనిగ్ పేరు. ఆ కోనిగ్ తర్వాత మన దేశం వచ్చి, 1785లో కాకినాడ జగన్నాథపురంలో చనిపోయాడు. మా కడియానికి పెద్ద దూరం కాదు కాబట్టి ఈ సంగతి చెప్పకుండా ఉండలేకపోయాను.

ఇక పేరు చీటీలు. స్కెచ్ పెన్ను, మార్కర్ మన ఎండకి కొన్ని నెలల్లో వెలిసిపోతాయి. తెల్ల ప్లాస్టిక్ ముక్క మీద మామూలు పెన్సిల్‌తో రాస్తే ఏళ్ళ తరబడి ఉంటుంది, నమ్మబుద్ధి కాదు గానీ నిజం. ఇంకా గట్టిగా కావాలంటే కూల్‌డ్రింక్ డబ్బా రేకుని వేలెడు పట్టీగా కత్తిరించి, కింద పాత పత్రిక వేసి, అయిపోయిన బాల్‌పెన్నుతో అదిమి రాయండి. అక్షరాలు రేకులోకే దిగిపోతాయి. అంచులు మడత పెట్టడం మరిచిపోకండి, వేళ్ళు తెగుతాయి. చీటీ మీద పేరుతో పాటు నాటిన నెల, సంవత్సరం రాయండి. జత మొక్కకీ అదే పేరు, పక్కన "జత" అని.

కుండీలు: మల్లెకి 14 నుంచి 16 అంగుళాలది. చామంతి, కనకాంబరం, డిసెంబరాలకి 10, 12 అంగుళాలవి సరిపోతాయి. పారిజాతం మేడ మీదే పెట్టాల్సి వస్తే 200 లీటర్ల డ్రమ్ము సగానికి కోసింది కావాలి. తడిసిన ఎర్రమట్టితో నిండిన ఆ సగం డ్రమ్ము 150 కిలోలు దాటుతుంది, అందుకని శ్లాబు మధ్యలో కాకుండా బీము మీద, గోడ వారగా పెట్టండి. మట్టిలో మూడో వంతు కొబ్బరి పొట్టు కలిపితే బరువు తగ్గుతుంది, హైదరాబాద్ ఎండకి తడి కూడా నిలుస్తుంది. మందారానికి పిండినల్లి పడితే లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట కొట్టండి.

అన్నీ ఒకేసారి కొనకండి. ఈ వానలకి ముగ్గురు స్నేహితుల మొక్కలు పెట్టండి: డల్లాస్‌కి మల్లె, మెల్‌బోర్న్‌కి పారిజాతం, దుబాయ్‌కి మీకు నచ్చితే రాధామనోహరం. అవి వేసవి దాటాక, వచ్చే జూన్‌లో పిల్లలవి మొదలుపెట్టండి. గునుగు, శంఖుపూలు మాత్రం ఇప్పుడే గింజ వేసినా ఖర్చు లేదు. నర్సరీలో నిండా మొగ్గలతో ఉన్న మొక్క చూసి మోజుపడకండి. కవరు అడుగున చూడండి, వేళ్ళు బయటికి చుట్టలు చుట్టుకుని ఉంటే అది ఎన్నాళ్ళో కవర్లో మగ్గిన మొక్క. పొట్టిగా, మొదలు దగ్గరే మూడు నాలుగు కొమ్మలు చీలి, ఆకు అడుగున పురుగు లేకుండా ఉన్నది తీసుకోండి. మేడ మీద ఏ వైపు ఎన్ని గంటల ఎండ పడుతుందో, పిల్లల వయసులెంతో రాస్తే ఏ కుండీ ఎక్కడ పెట్టాలో కూడా చెప్తాను.